కార్మిక బంధువు శ్రీ వరాహగిరి వేంకటగిరి

ఇచ్ఛాపురమునుండి విజయనగరము వఱకు సముద్రతీరమునకు దాపుగా సాగు రైలుమార్గము ఒకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీవారి అధీనమున నుండెను. శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల పల్లెలనుండి పెక్కుమంది ఆ కంపెనీలో పనికి కుదిరిరి. కొందఱు పట్టాలను సరిచూచు గ్యాంగు కూలీలైరి. కొందఱు ఇంజనులలో బొగ్గు వేయు పనిలో చేరిరి. మఱికొందఱు ఇల్లువాకిళ్ళు విడిచి, వంగదేశమునందలి ఖరగ్‌పూరు కర్మాగారమునకు పోయి, కమ్మరపు పనియు వడ్రంగపు పనియు చేయుచు అచ్చటనే స్థిరపడిరి. ఖరగ్‌పూరు వీథులలో నేటికిని తెలుగు మాట వినబడుటకు కారణమిదియే. ఆనాడు కంపెనీవారు పొమ్మన్నచో కార్మికుడు మూట కట్టుకొని ఇంటిదారి పట్టవలసినదే. ఎందుకు తొలగించితిరని అడుగుటకు చట్టము లేదు. ఆ ప్రశ్నను ఆలకించుటకు ప్రత్యేకమైన ప్రభుత్వశాఖయు లేదు.

అట్టి కార్మికుల పక్షమున నిలిచి, పిదప కార్మికశాఖకే మంత్రియై, తుదకు భారత రాష్ట్రపతి పదవిని అధిష్ఠించిన మహనీయులు శ్రీ వరాహగిరి వేంకటగిరిగారు.

గిరిగారు 1894వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన బరంపురమునందు జన్మించిరి. ఆ పట్టణము నాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందియుండెను. తెలుగువారును ఓఢ్రులును అచ్చట కలసి మెలసి జీవించుచుండిరి. 1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు బరంపురము అందు చేరెను. గిరిగారి తండ్రి జోగయ్య పంతులుగారు పేరెన్నికగన్న న్యాయవాది. తల్లి సుభద్రమ్మగారు జాతీయోద్యమమున పాల్గొని, కారాగారవాసమునకు సైతము వెఱవని ధీరురాలు. ధనమునకు కొఱత లేని యింట పుట్టినను, పరుల కష్టమును తమదిగా భావించు గుణము గిరిగారికి ఆ తల్లిదండ్రులవలన అబ్బెను.

బరంపురమునందలి ఖల్లికోట కళాశాలలో చదివిన పిమ్మట గిరిగారు న్యాయశాస్త్రము నభ్యసించుటకై 1913లో ఐర్లండు దేశమునకు వెడలిరి. అచ్చటి ముఖ్యనగరము డబ్లిను. ఐర్లండు కూడ అప్పుడు ఆంగ్లేయుల పాలనలోనే యుండెను. గిరిగారు అడుగిడిన యా సంవత్సరమే డబ్లిను నగరమున గొప్ప సంక్షోభము చెలరేగెను. సంఘములో చేరిన కార్మికులకు పని యీయమని యజమానులు కర్మాగారముల తలుపులు మూసివైచిరి. సుమారు 20,000 మంది కార్మికులు నెలల తరబడి పని లేక, పిల్లలకు రొట్టెయైనను పెట్టలేక అలమటించిరి. చదువుకొనుటకు వచ్చిన భారతీయ యువకునకు పుస్తకములలో దొరకని పాఠమొకటి ఆ వీథులలో దొరకెను. ఒంటరియైన కార్మికుడు దుర్బలుడు. సంఘమే వానికి బలము. ఆ సంఘమును చీల్చుటకే యజమానులు మొదట పూనుకొందురు. ఈ సత్యమును గిరిగారు జీవితాంతము మఱవలేదు.

డబ్లినులో గిరిగారు ఐరిష్ స్వాతంత్ర్యవాదులతో పరిచయము చేసికొనిరి. 1916వ సంవత్సరము ఏప్రిలు మాసమున, ఈస్టరు పండుగనాళ్ళలో, ఐరిష్ దేశభక్తులు తిరుగుబాటు చేసిరి. ఆంగ్ల ప్రభుత్వము దానిని క్రూరముగ అణచి, నాయకులను కాల్చి చంపెను. కార్మిక నాయకుడు జేమ్స్ కొనొలీయు, గిరిగారు చదివిన కళాశాలలో ఆంగ్లము బోధించిన థామస్ మెక్‌డొనాయును వారిలో నుండిరి. గిరిగారిపై ప్రభుత్వమునకు అనుమానము కలిగెను. ఐర్లండు విడిచి పొమ్మని ఉత్తరువు వచ్చెను. బారిస్టరు పట్టము అప్పటికే చేజిక్కుటచే గిరిగారు ఆ పట్టముతోను, స్వాతంత్ర్యకాంక్షతోను 1916లో స్వదేశమునకు మరలి వచ్చిరి.

మాతృదేశమున గిరిగారి న్యాయవాదవృత్తి చక్కగా సాగుచుండెను. కాని 1920లో గాంధీమహాత్ముడు సహాయనిరాకరణమునకు పిలుపునీయగా వారు వృత్తిని త్యజించిరి. కల్లు, సారా దుకాణములవద్ద నిరసన జరిపినందులకు 1922లో చెఱసాలకేగిరి. ఆ దినములలోనే వారి దృష్టి రైల్వే కార్మికులపై నిలిచెను. దేశములో నలుమూలల నున్న రైల్వే సంఘములను ఒక త్రాటిపైకి తెచ్చిన అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్య స్థాపకులలో గిరిగారు ఒకరు. పదేండ్లకు మించి వారు దానికి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిరి.

అప్పటికి కార్మికుల రక్షణకు చట్టములు మొలకెత్తుచుండెను. పనిలో గాయపడినవారికి నష్టపరిహారము నిచ్చు చట్టము 1923లో వచ్చెను. కార్మిక సంఘములకు గుర్తింపునిచ్చు చట్టము 1926లో వచ్చెను. కాని చట్టము కాగితముపై నుండుట వేఱు, అది కూలివాని గుడిసె వఱకు చేరుట వేఱు. ఈ రెంటి నడుమనున్న దూరమును తగ్గించుటయే గిరిగారు పూనిన కార్యము.

1927-28 సంవత్సరములలో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీవారు ఖర్చు తగ్గించుకొను నెపముతో ఖరగ్‌పూరు కర్మాగారమునుండి వందలకొలది కార్మికులను తొలగింప నిశ్చయించిరి. అప్పుడు కార్మికులు సమ్మె కట్టిరి. గిరిగారు వారికి నాయకత్వము వహించిరి. సమ్మె యనగా కేవలము పని మానుట కాదు. జీతము రాని దినములలో ఇంటిల్లపాదికి గంజినీరు పోయవలెను. అప్పులవాని నోరు మూయింపవలెను. కోపముతో రాయి విసరబోవు పడుచువాని చేయి పట్టుకొని ఆపవలెను. రాయి విసరినచో పోలీసులకు తుపాకి పేల్చుటకు సాకు దొరకును. అందుచే గిరిగారు అహింసనే ఆయుధముగ గైకొని, ఒకవంక కార్మికులకు ధైర్యము చెప్పుచు, వేఱొకవంక అధికారులతో సంప్రదింపులు సాగించిరి. తుదకు ప్రభుత్వమును కంపెనీయు దిగివచ్చి కార్మికుల కోరికలను మన్నింపక తప్పలేదు. ఆ విజయవార్త రైలుపట్టాల వెంబడి పలాస, విజయనగరము వఱకు ప్రాకెను. నాటినుండి గిరిగారి పేరు రైల్వే కార్మికుల యిండ్లలో ఇంటిపేరువలె నయ్యెను.

గిరిగారు 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షులైరి. 1927లో జెనీవా నగరమున జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళిరి. 1929లో నాగపూరు మహాసభలో కార్మికోద్యమము రెండుగా చీలెను. ఆవేశపరులతో ఏకీభవింపక ఎన్. ఎం. జోషీగారితో కలసి గిరిగారు వేఱొక సమాఖ్యను స్థాపించిరి. అయినను చీలికవలన నష్టపోవునది కార్మికుడేయని యెఱిగి, విడిపోయిన సంఘములను మరల కలుపుటకు ఏండ్ల తరబడి శ్రమించిరి. ఆ శ్రమ ఫలించి రెండు సంస్థలును ఒక్కటయ్యెను. 1931లో లండను నగరమున జరిగిన రెండవ రౌండు టేబిలు సమావేశమునకు గిరిగారు కార్మిక ప్రతినిధిగా హాజరైరి.

ఇట్లు బయట నిలిచి పోరాడిన గిరిగారు ప్రభుత్వములో ప్రవేశించుటకు కారణమైనది బొబ్బిలి ఎన్నిక.

బొబ్బిలి పేరు వినగానే తెలుగువారికి 1757వ సంవత్సరమునాటి యుద్ధము స్మరణకు వచ్చును. 1937లో ఆ గడ్డమీద మఱియొక యుద్ధము జరిగెను. ఈసారి ఆయుధములు ఫిరంగులు కావు, వోట్లు. మద్రాసు రాజధాని శాసనసభకు ఎన్నికలు వచ్చెను. బొబ్బిలి రాజాగారు అప్పుడు జస్టిసు పార్టీ నాయకులు. మద్రాసు రాజధానికి ప్రధానమంత్రి. వారి సంస్థానములో, వారి కోటకు ఎదురుగా, కాంగ్రెసు పక్షమున పోటీకి నిలిచినది గిరిగారు. ఒకవంక వంశగౌరవము, జమీందారీ అధికారము, ప్రధానమంత్రి పదవి. వేఱొకవంక కూలివారి నాయకుడు. అప్పటికి అందఱికిని వోటు లేదు. ఆస్తియో చదువో కొంత కలవారికే యుండెను. జమీందారునకు శిస్తు చెల్లించు రైతు జమీందారునకు వ్యతిరేకముగా వోటు వేయునా యని పలువురు సందేహించిరి. పెట్టెలు విప్పి లెక్కించునప్పటికి గిరిగారు గెలిచిరి. రాజధాని అంతటను 215 స్థానములలో 159 కాంగ్రెసునకు దక్కెను.

1937 జూలైలో శ్రీ చక్రవర్తి రాజగోపాలాచారిగారు ప్రధానమంత్రియై, గిరిగారికి కార్మిక, పరిశ్రమల శాఖలను అప్పగించిరి. మద్రాసు రాజధానిలో కార్మికశాఖ చరిత్ర విచిత్రమైనది. 1920 ప్రాంతమున లేబరు కమిషనరు పదవి ఏర్పడినప్పుడు ఆయనకు ముఖ్యమైన పని హరిజనవాడల సంక్షేమమే. ఇండ్లస్థలము లిప్పించుటయు, బావులు త్రవ్వించుటయు ఆ కమిషనరు విధులలో చేరియుండెను. మిల్లులలో తగవులు పెరిగినకొలది యజమానికిని కార్మికునకును నడుమ సయోధ్య కూర్చుటయు ఆ శాఖకు ముఖ్యమైన బాధ్యత అయ్యెను. నిన్నటి వఱకు కార్మికుల పక్షమున వాదించినవారు నేడు ఇరుపక్షములను ఎదుట కూర్చుండబెట్టుకొని న్యాయము చెప్పవలసి వచ్చెను. మొదట మీరు మీరు మాటలాడుకొనుడు, కుదరనిచో ప్రభుత్వము మధ్యవర్తిత్వము జరుపును అనునది గిరిగారి పద్ధతి. రెండవ ప్రపంచయుద్ధము మొదలుకాగా, 1939 అక్టోబరులో కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా చేసెను. గిరిగారు మరల ఉద్యమమున దిగి, వ్యక్తి సత్యాగ్రహమునందును, 1942 క్విట్ ఇండియా ఉద్యమమునందును చెఱసాల పాలైరి. 1946లో శ్రీ టంగుటూరి ప్రకాశము పంతులుగారి మంత్రివర్గమున మరల కార్మికశాఖను నిర్వహించిరి. 1947 నుండి 1951 వఱకు సింహళమునందు భారత హైకమిషనరుగా నుండి, అచ్చటి తేయాకు తోటలలో పనిచేయు భారతీయ కూలీల కష్టములను కన్నులార చూచిరి.

ఇంతలో ఢిల్లీయందలి కార్మికశాఖయు ఎదుగుచుండెను. భారత ప్రభుత్వమునందు పరిశ్రమలతో కలసియుండిన కార్మిక వ్యవహారములకు 1937 నవంబరులో ప్రత్యేక శాఖ ఏర్పడెను. 1942లో డాక్టరు భీమరావు అంబేద్కరుగారు ఆ శాఖ బాధ్యతను స్వీకరించి, నాలుగేండ్లలో దానికి పుష్టి చేకూర్చిరి. ప్రభుత్వము, యజమానులు, కార్మికులు ఈ ముగ్గురును ఒకచోట కూర్చుండి చర్చించు సమావేశములు 1942లోనే మొదలయ్యెను. వారమునకు 54 గంటల పనికాలము 48 గంటలకు తగ్గెను. 1945లో ఉద్యోగ కల్పనా విభాగము ఏర్పడెను. యుద్ధము ముగిసి సైన్యమునుండి విడుదలైన సిపాయీలకు పని చూపుటకే తొలుత దానిని నెలకొల్పిరి. దేశవిభజన కాలమున నిర్వాసితులైనవారికిని, 1948 నుండి పని కోరు ప్రతివారికిని ఆ కార్యాలయముల ద్వారములు తెఱువబడెను. చదువు ముగించిన యువకుడు పేరు నమోదు చేసికొని పిలుపు కొఱకు ఎదురుచూచిన ఉపాధి కార్యాలయము పుట్టుక ఇట్టిది. స్వతంత్ర భారతమున తొలి కార్మికశాఖామంత్రి శ్రీ జగజ్జీవనరాముగారు. వారి కాలమున పారిశ్రామిక వివాదముల చట్టము, కర్మాగారముల చట్టము, కనీస వేతనముల చట్టము వెలువడెను.

1952లో వయోజనులందఱకును వోటుహక్కుతో మొదటి సాధారణ ఎన్నికలు జరిగెను. ఆస్తి గలవాడును లేనివాడును, పురుషుడును స్త్రీయు సమానముగా వోటు వేసిరి. మహేంద్రతనయా నదీతీరమున ఒరిస్సా సరిహద్దునకు ఆనుకొని యున్నది శ్రీకాకుళము జిల్లాలోని పాతపట్నము. ఆ నియోజకవర్గమునుండి గిరిగారు లోకసభకు ఎన్నికైరి. ప్రధానమంత్రి శ్రీ జవహర్‌లాల్ నెహ్రూగారు వారిని కేంద్ర కార్మికశాఖామంత్రిగా నియమించిరి. ఖరగ్‌పూరు సమ్మెను నడిపినవారు దేశమునందలి కార్మికులందఱకును మంత్రియైరి.

1952 నవంబరు 1వ తేదీనుండి ఆఱు ముఖ్య పరిశ్రమలలో భవిష్యనిధి పథకము అమలులోనికి వచ్చెను. అవి సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు, ఇనుము-ఉక్కు, కాగితము, వస్త్ర పరిశ్రమలు. కార్మికుని జీతమునుండి నూటికి ఆఱుంబావు వంతు కూడబెట్టి, అంతే మొత్తమును యజమానియు చేర్చి, వృద్ధాప్యమున వానికి చేతికిచ్చుట ఆ పథకపు సారాంశము. వయసుడిగిన కూలివాడు కొడుకుల దయకొఱకు చేయి చాచకుండుటకు అది తొలిమెట్టు.

1953లో మిల్లులలో సరకు పేరుకొనిపోయి, కార్మికులను పనినుండి తాత్కాలికముగ నిలిపివేయు పరిస్థితి దాపురించెను. మిల్లు యంత్రము ఆగినను కూలివాని కడుపు ఆగదు. నెల్లిమర్ల, చిట్టివలస జనపనార మిల్లులమీద ఆధారపడి బ్రదికిన కుటుంబములవారికి ఈ మాట అర్థమును వేఱుగా చెప్పనక్కఱలేదు. ఆ యేడు అక్టోబరు 24వ తేదీనుండి క్రొత్త నిబంధనలు అమలునకు వచ్చెను. ఏబదిమందికి తక్కువ కాకుండ పనివారున్న కర్మాగారములలో, నిబంధనలకు లోబడి ఒక యేడు పనిచేసిన కార్మికుని తాత్కాలికముగ నిలిపివేసినచో సగము వేతనము చెల్లింపవలెను. శాశ్వతముగ తొలగింపదలచినచో ఒక నెల ముందు తెలుపవలెను; లేదా ఆ నెల జీతము నీయవలెను. పనిచేసిన ప్రతి సంవత్సరమునకును పదునైదు దినముల వేతనమును పరిహారముగ నీయవలెను. ఇరువదియైదేండ్లకు పూర్వము ఖరగ్‌పూరు కార్మికులు వీథులలో నిలిచి యడిగినదానికి ఇప్పుడు చట్టరూపమున సమాధానము లభించెను.

అయితే చట్టములకంటె గిరిగారు ఎక్కువ విలువనిచ్చినది పరస్పర సంప్రదింపులకు. 1952 అక్టోబరులో నైనిటాలునందు జరిగిన కార్మిక సమావేశమున వారు తమ అభిప్రాయమును వివరించిరి. ప్రతి తగవును న్యాయాధికారియొద్దకు పంపినచో ఇరుపక్షములును వకీళ్ళచేతిలో చిక్కుకొందురు. గెలిచినవాడు గర్వించును, ఓడినవాడు పగబట్టును, మిల్లులో శాంతి యుండదు. కావున బలవంతపు తీర్పు చిట్టచివరి మార్గముగ నుండవలెనే కాని మొదటిది కారాదు. ఈ సిద్ధాంతము గిరి మార్గము అను పేర ప్రసిద్ధి కెక్కెను. యజమానులలోను, కార్మిక నాయకులలోను, ప్రభుత్వములోను దీనిని సందేహించినవారు పలువురు కలరు. బలహీనమైన సంఘము బలవంతుడగు యజమానితో సరిసమానముగ ఎట్లు మాటలాడగలదని వారి ప్రశ్న. ఆ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. కాని సంఘము బలపడుటకు మార్గము తన కాళ్ళమీద తాను నిలుచుటయే యని గిరిగారి విశ్వాసము.

1954లో గిరిగారి జీవితమున పరీక్షాసమయము వచ్చెను. బ్యాంకు ఉద్యోగుల జీతములనుగుఱించి ఏండ్లకొలది వివాదము నడచుచుండెను. ట్రిబ్యునలు తీర్పు చెప్పెను. దానిపై అప్పీలు జరుగగా, 1954లో అప్పిలేటు ట్రిబ్యునలు తన నిర్ణయమును వెలువరించెను. ఆ నిర్ణయమును యథాతథముగ అమలుపఱచినచో బ్యాంకులు భారము మోయలేవనియు, చిన్న ఊళ్ళలోని శాఖలు మూతబడుననియు కొందఱు వాదించిరి. మంత్రివర్గము ఆ వాదమునకు మొగ్గి, ఉద్యోగులకు రావలసినదానిని తగ్గించుచు నిర్ణయమును సవరించెను.

అప్పుడు గిరిగారి యెదుట రెండు మార్గములు నిలిచెను. మంత్రివర్గములో నుండి, నిర్ణయమును మౌనముగ అంగీకరించుట యొకటి. పదవిని వదలుట రెండవది. తీర్పునకు కట్టుబడి యుండుడని దేశమంతట తిరిగి యజమానులకును కార్మికులకును బోధించినది కార్మికశాఖయే. ఆ తీర్పును ప్రభుత్వమే మార్చినచో, రేపు ఏ కార్మికుడు సమ్మె విరమించి న్యాయస్థానమును నమ్మును? గిరిగారు రెండవ మార్గమునే ఎన్నుకొనిరి. అప్పటికి వారికి అఱువదియేండ్లు. పెద్ద కుటుంబము కలవారు. పదవినుండి తొలగిన పిమ్మట మరల పిలుపు వచ్చునను భరోసా లేదు. అయినను రాజీనామా సమర్పించిరి.

ఆ త్యాగము వ్యర్థము కాలేదు. ప్రభుత్వము ఆ వివాదమును పరిశీలించుటకు కమిషనును నియమించెను. 1955లో కమిషను నివేదిక వచ్చెను. దానిననుసరించి పార్లమెంటు చట్టము చేయగా, అప్పిలేటు ట్రిబ్యునలు నిర్ణయమున అధికభాగము మరల నిలబడెను. పదవిని వీడిన గిరిగారికి ఆ పదవి తిరిగి రాలేదు. ఉద్యోగులకు మాత్రము న్యాయము తిరిగి వచ్చెను.

1957 ఎన్నికలలో గిరిగారు పార్వతీపురమునుండి లోకసభకు పోటీచేసిరి. అది ఇద్దఱు సభ్యుల నియోజకవర్గము. ఒక స్థానము గిరిజనులకు ప్రత్యేకింపబడినది, రెండవది సామాన్యము. గిరిజన అభ్యర్థి యొకరు ప్రత్యేకింపబడిన స్థానమును గెలువగా, మఱియొక గిరిజన అభ్యర్థియైన శ్రీ డిప్పల సూరిదొరగారు సామాన్య స్థానమును కూడ గెలిచిరి. కేంద్రమంత్రిగా పనిచేసిన గిరిగారు ఓడిపోయిరి. ఆ ఎన్నికపై వివాదము సుప్రీంకోర్టు వఱకు సాగెను. 1959లో ఆ న్యాయస్థానము గిరిగారి అప్పీలును త్రోసివేసి, సూరిదొరగారి ఎన్నికను ఖాయపఱచెను. ప్రత్యేకింపబడిన స్థానము కలదు గదా యని గిరిజనుని సామాన్య స్థానమునుండి తొలగింపరాదను న్యాయము ఆ తీర్పుతో స్థిరపడెను. అప్పటికి గిరిగారు ఉత్తరప్రదేశ్ గవర్నరు. అంతటి పదవిలోనున్న వ్యక్తి మన్యపుసీమ గిరిజనునితో న్యాయస్థానమున వాదించి ఓడిపోవుటయు, వివాదము అంతటితో సమసిపోవుటయు చట్టము ముందు అందఱును సమానులేయనుటకు తార్కాణము.

పిమ్మట గిరిగారు కేరళ, మైసూరు రాష్ట్రములకును గవర్నరుగా నుండి, 1967లో ఉపరాష్ట్రపతియైరి. 1969 మే 3వ తేదీన రాష్ట్రపతి డాక్టరు జాకిర్ హుస్సేనుగారు దివంగతులగుటచే తాత్కాలిక రాష్ట్రపతియైరి. అనంతరము ఆ పదవికి రాజీనామా చేసి, స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేసిరి. ప్రత్యర్థి కూడ ఆంధ్రుడే. శ్రీ నీలం సంజీవరెడ్డిగారు. హోరాహోరీగ సాగిన పోటీలో గిరిగారు గెలుపొంది, 1969 ఆగస్టు 24వ తేదీన ప్రమాణస్వీకారము చేసిరి. ఆ ఎన్నికను ప్రశ్నించుచు సుప్రీంకోర్టులో వ్యాజ్యములు దాఖలైనప్పుడు, రాష్ట్రపతి హోదాలో నుండియు గిరిగారు స్వయముగ న్యాయస్థానమునకు వెళ్ళి సాక్ష్యమిచ్చిరి. 1970లో ఆ వ్యాజ్యములు కొట్టివేయబడెను. తీర్పునకు విలువ నీయవలెనని పదవిని వదలిన వ్యక్తి, దేశాధిపతియైన పిదప తానే తీర్పుకొఱకు న్యాయమూర్తుల యెదుట నిలిచిరి.

రాష్ట్రపతి పదవి గౌరవము గొప్పది, కాని దాని హద్దులును అట్టివే. రాజ్యాంగము ప్రకారము రాష్ట్రపతి మంత్రివర్గపు సలహా ననుసరించి నడువవలెను. 1974 మే మాసమున దేశమంతట రైల్వే కార్మికులు సమ్మె చేసిరి. ఇరువది దినములు సాగిన ఆ సమ్మెకు ముందు నిలిచినది గిరిగారు యౌవనమున స్థాపించిన రైల్వే సమాఖ్యయే. ప్రభుత్వము కఠినముగ వ్యవహరించి, వేలాది కార్మికులను నిర్బంధించెను. ఆ సమయమున రాష్ట్రపతి భవనమున నున్నది గిరిగారే. మంత్రిగా నున్నప్పుడు తనకు నచ్చని నిర్ణయమునకు రాజీనామాతో బదులు చెప్పిరి. రాష్ట్రపతిగా అట్టి మార్గము వారు తొక్కలేదు. వారి జీవితమును చదువువారు ఈ రెండు ఘట్టములను ప్రక్కప్రక్కన నుంచుకొని ఆలోచింపదగును. పదవి పెరిగినకొలది మనుష్యుని చేతులు విశాలమగుననుకొందుము. ఒక్కొక్కప్పుడు అవి మఱింత కట్టుబడును.

గిరిగారు 1974 ఆగస్టులో పదవీవిరమణ చేసిరి. 1975లో భారత ప్రభుత్వము వారిని భారతరత్న బిరుదముతో గౌరవించెను. 1980వ సంవత్సరము జూన్ 24వ తేదీన మద్రాసు నగరమున వారు పరమపదించిరి. కార్మిక సమస్యలపై వారు రచించిన గ్రంథములను ఆ శాస్త్రము నభ్యసించువారు చదువుచుండిరి. 1974లో ఆరంభమైన జాతీయ కార్మిక సంస్థకు 1995లో వారి పేరు పెట్టబడెను.

ప్రభుత్వశాఖ యనగా భవనములు, కాగితములు, ముద్రలు మాత్రమే కాదు. పని పోయినవాడు దాని గుమ్మము నెక్కి, నాకు న్యాయము జరుగునని నమ్మినప్పుడే అది శాఖ అనిపించుకొనును. ఆ నమ్మకమును నిలుపుటకు గిరిగారు యౌవనమున చెఱసాలకేగిరి. ముదిమిలో మంత్రిపదవిని వదలిరి. బొబ్బిలిలో గెలుపును, పార్వతీపురములో ఓటమిని చవిచూచిరి. ఉత్తరాంధ్రలోని రైల్వేస్టేషనులలో నేడును తెల్లవారకముందే సుత్తి భుజాన వైచుకొని, పట్టాల వెంట నడచుచు, బిగువు సడలినచోట్లను పరీక్షించు కార్మికులు కనబడుదురు. బండిలో హాయిగా నిదురించు ప్రయాణికునకు వారి పేరు తెలియదు. తెలియని ఆ పేరులవారి పక్షమున జీవితకాలము నిలిచినందువలననే గిరిగారి పేరు మనకు తెలిసినది.